పొట్టి అచ్చులు, పొడుగు గొంతు

నా ఇంగ్లీషు సాగుతుందని నన్ను పర్మనెంటు చెయ్యలేదు. జరిగింది ఇంతే. కానీ బందరులో ఈ సంగతి రకరకాలుగా తిరుగుతోంది. ఆఫీసరు మీద చెయ్యెత్తానని కొందరు, ఆయన తెచ్చిన చార్టు చింపి మొహాన కొట్టానని కొందరు. చార్టు నేను చింపలేదు. చెయ్యీ ఎత్తలేదు. అరిచిన మాట మాత్రం నిజం. ఎందుకు అరిచానో ఒక్కళ్ళూ అడగరు గనక నేనే రాస్తున్నా.

నేను మద్రాసులో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నది బందరే గానీ ఉద్యోగం మద్రాసులో. నన్ను కాన్వెంటులో వేశారు. అక్కడ ఇంగ్లీషు పలకడం నేర్పే సిస్టరు చేతిలో ఎప్పుడూ ఒక చెక్క స్కేలు ఉండేది. పొట్టి అచ్చు వస్తే బల్లమీద టక్కుమని ఒక దెబ్బ. పొడుగు అచ్చు వస్తే స్కేలుని బల్లమీద జర్రున రాసేది. షిప్ అంటే టక్కు. షీప్ అంటే జర్రు. పుల్ అంటే టక్కు. పూల్ అంటే జర్రు. టక్కు రావాల్సిన చోట మనం జర్రుమన్నామా, తరవాతి టక్కు బల్లమీద కాదు, వేళ్ళమీద. అలా నేర్చుకున్నా నేను. స్కూల్లో ఇంగ్లీషు పద్యాల పోటీ పెడితే ప్రైజు నాదే. ఇది గొప్పకి చెప్పట్లేదు. నాకు పొట్టి అచ్చు పలకడం రాదని ఊళ్ళో అనుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా.

టెలిఫోను ఆపరేటరుగా ఉద్యోగం వచ్చి బందరు వేశారు. "మన ఊరే కదమ్మా" అన్నారు నాన్న. ఆయనకి మన ఊరు. నాకు బస్సు దిగేదాకా మొహం తెలీని ఊరు. మేనత్తగారింట్లో ఉంటున్నా. పొద్దున్నే డ్యూటీకి వెళ్తే చెవికి ఫోను, చేతిలో ప్లగ్గు. ఎవరో ఇంట్లో హ్యాండిలు తిప్పుతారు, మా బోర్డు మీద చిన్న రేకు మూత టప్పున పడుతుంది, ఆ కన్నంలో ప్లగ్గు దూర్చి "నంబర్ ప్లీజ్" అనాలి. ఆ నంబరుకి రెండో ప్లగ్గు తగిలించాలి. రోజంతా ఇదే. ఫోను నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఇంటికొచ్చి పప్పన్నం కలుపుకుంటూ కూడా ఎడమ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళిపోయేది. "ఆ చెవికేవైందే? చీవు కారుతోందా?" అని మా అత్తయ్య కంగారు పడిపోయి, నూనె వెచ్చబెట్టుకొచ్చింది ఓసారి.

మొదట్లో అందరూ టెంపరరీనే. కొన్నాళ్ళయ్యాక పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి గొంతూ, ఇంగ్లీషూ పరీక్ష చేస్తాడు. నెగ్గితే పర్మనెంటు. లేకపోతే టెంపరరీగానే ఉంచుతారు, లేదా ఇంటికి పంపేస్తారు, ఆయన దయ. ఇల్లంటే నాకు మళ్ళీ మద్రాసు, అన్నయ్య కాపురంలో ఓ మూల, వదిన వంటింట్లో గరిటె అందించడం. నాకు ఆ గరిటె వద్దు. నా జీతం, నా చెవికి నా ఫోను, ఇవే కావాలి. అందుకే ఆ పరీక్ష మీద ప్రాణం పెట్టుకున్నా. అందులో నాకేం భయం లేదు కూడా. ఆ టక్కులూ జర్రులూ నా వేళ్ళకి తెలుసు.

నా పక్క సీటులో కూచునే ఆపరేటరు దివిసీమ మనిషి. నాగాయలంక రేవుకి అవతల లంకలో పుట్టింది. నాకంటే ముందునుంచీ ఉంది, పర్మనెంటు కూడా అయింది. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను "మద్రాసూ" అనేది. పేరు పెట్టి పిలవమంటే, "నువ్వు ఇక్కడి గొంతుతో మాట్లాడిన రోజు పిలుస్తాలే" అనేది. మొదటి రోజునుంచీ మా ఇద్దరికీ ఇలాగే.

గొడవంతా అవనిగడ్డ లైనుతో. బెజవాడ లైను బాగుంటుంది, గుడివాడ లైను బాగుంటుంది. అవనిగడ్డ వైపు వెళ్ళే వైరు మాత్రం సముద్రపు గాలికి ఉప్పు పట్టి, వానకి తడిసి, ఎప్పుడూ జలుబు చేసినట్టే ఉంటుంది. నేను చేరిన కొత్తలో ఆ లైను మీద మొదటిసారి మాట్లాడా. "అవనిగడ్డ, బందర్ హియర్, స్పీక్ ఆన్ ప్లీజ్." కాన్వెంటు సిస్టరు వింటే చాక్లెట్టు ఇచ్చేది. అంత శుభ్రంగా అన్నా.

అవతల పోస్టాఫీసులో ఫోను చూసే పెద్దాయన, "హలో... హలో... ఎవరన్నా ఉన్నారా అండీ?" అన్నాడు.

నేను మళ్ళీ అన్నా.

"ఎవరో తుమ్మారండీ బందరులో" అని పక్కవాళ్ళకి చెప్తున్నాడు. అది మాత్రం నాకు చక్కగా వినపడింది.

అక్క నా చేతిలోంచి ప్లగ్గు లాక్కుంది. ఛాతీనిండా గాలి పీల్చి, "అవనిగాఆఆడ్డా... బాఆఆందర్ హీఈఈయర్... స్పీఈఈఈక్ ఆఆఆన్" అంది. అరవలేదు. అరుపు వేరు, ఇది వేరు. గొంతు పైకి లేవలేదు, పొడుగ్గా సాగింది, అంతే. పెద్దాయన వెంటనే "ఆఁ, చెప్పండమ్మా" అన్నాడు.

"అది ఇంగ్లీషు కాదక్కా" అన్నా, ఒళ్ళు మండిపోయి.

"ఆయనకి వినపడిందా లేదా?"

"స్పీక్‌ని అంత సాగదీస్తారా ఎవరైనా? పొట్టి అచ్చుల్ని కూడా సాగదీశావు. హ్రస్వాలన్నీ దీర్ఘాలైపోయాయి."

"ఆదివారం ఖాళీయేనా నీకు?" అంది. నేను అడిగిందానికి జవాబు చెప్పకుండా.

ఆదివారం నన్ను బస్సెక్కించి నాగాయలంక తీసుకెళ్ళింది. రేవులో దిగాం. ఎదురుగా ఏరు, సముద్రంలో కలవబోయే ముందు ఎంత వెడల్పు కావాలో అంత వెడల్పూ అయిపోయి ఉంది. అవతల గట్టున పడవ చీమంత కనపడుతోంది.

"పిలు" అంది అక్క.

"ఎవర్ని?"

"పడవని. అది వస్తేనే మా ఇంటికెళ్తాం. మా అమ్మ చేపల పులుసు పెట్టింది. రాకపోతే మళ్ళీ బందరు బస్సే."

నేను "పడవా!" అన్నా. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒకాయన తలెత్తి, "ఏవమ్మా, దగ్గొచ్చిందా?" అన్నాడు. మళ్ళీ గట్టిగా "పడవా!" అన్నా. "నీ పక్కనున్న పీతలు కూడా కదల్లేదు తల్లీ" అన్నాడు. ఆయన పక్కన తట్టలతో కూచున్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు కోపం ముంచుకొచ్చి చించుకుని అరిచా. గొంతు చీలింది గానీ పడవ కదల్లేదు.

అప్పుడు అక్క ఒక్కసారి పిలిచింది. "ఓఓఓఓ... పడవాఆఆఆ... రాఆఆఆ..." అంతే. అవతల గట్టున ఎవరో గెడ ఎత్తి చూపించారు, విన్నానని.

"చూశావా," అంది, "గాలికి హల్లులు కొట్టుకుపోతాయే. పకారం, డకారం నీళ్ళల్లో పడిపోతాయి. అచ్చు ఒక్కటే అవతలికి వెళ్తుంది. దాన్ని పొట్టిగా వదిలితే సగం దూరంలోనే కూలబడుతుంది. మా లంకలో పుట్టిన పిల్లలు మాటలకంటే ముందు ఈ కేక నేర్చుకుంటారు. ఏరు దాటాలి కదా మరి."

"అన్నీ సాగదీస్తే పొట్టికీ పొడుక్కీ తేడా ఎలా తెలుస్తుంది? షిప్ ఏదో షీప్ ఏదో ఎలా తెలుస్తుంది?"

అక్క ఒక్క క్షణం నా వంక చూసి, "నిన్ను నమ్మించడం నా వల్ల కాదు గానీ, నువ్వే చూసుకో" అంది. పడవ రాగానే తను ఎక్కి అవతలికి వెళ్ళిపోయింది. నన్ను ఇవతలే ఉంచేసింది. ముందే ఒప్పందం: నేను షిప్ అంటే తను ఒక చెయ్యి ఎత్తాలి, షీప్ అంటే రెండు చేతులూ ఎత్తాలి.

మొదట కాన్వెంటు కొలతలో అన్నా. షిప్. షీప్. అవతల అక్క రాయిలా నిలబడింది. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ తరవాత నేనూ సాగదీశా. సిగ్గుతో చచ్చిపోతూ సాగదీశా. పొట్టిదాన్ని బారెడు సాగదీస్తే, పొడుగుదాన్ని రెండు బారలు సాగదీశా. "షిఇఇఇప్..." ఒక చెయ్యి లేచింది. "షీఈఈఈఈఈప్..." రెండు చేతులూ లేచాయి. మార్చి మార్చి అన్నా. వరసగా పొట్టివే అన్నా. వరసగా పొడుగువే అన్నా. ఫుల్, ఫూల్ అన్నా. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

వలాయన, "షిప్పంటే ఓడే కదమ్మా? మన రేవులోకి ఓడ రాదు, లోతు చాలదు. ఆ పడవతోనే సరిపెట్టుకో" అన్నాడు.

ఆ రోజు నాకు తెలిసింది ఇదీ: పొట్టి, పొడుగు అనేవి ఒకదాని పక్కన ఒకటి పెడితేనే తెలుస్తాయి. స్కేలు పట్టుకుని ఇంతే ఉండాలంటే కుదరదు. గది చిన్నదైతే రెండూ చిన్నవే. ఏరు పెద్దదైతే రెండూ పెద్దవే. తేడా ఎక్కడికీ పోదు. నేను ఒకరి దగ్గర ఓడిపోయి ఆనందపడడం అదే మొదలు. అవతలికెళ్ళి తిన్న పులుసు కూడా బాగుంది.

సోమవారం నుంచి అవనిగడ్డ లైను మీద నేనూ సాగదీశా. పెద్దాయన, "కొత్తమ్మాయిగారు మారిపోయారా అండీ? ఇప్పుడున్నవారు బాగా మాట్లాడుతున్నారు" అన్నాడు. అదే అమ్మాయినని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏవుంది? కొన్నాళ్ళకి నాకు తెలీకుండానే బోర్డు ముందు కూచుంటే చాలు, ఏ లైనైనా సరే గొంతు సాగడం మొదలెట్టింది. నేనేం బాధపడలేదు. బందరులో సగం ఊరుకి నా గొంతు తెలుసు. కోనేరు సెంటర్లో నేను గాజులు బేరం చేస్తుంటే కొట్టాయన, "మీరు నంబరు ప్లీజ్ అమ్మాయి కదండీ?" అని తగ్గించి ఇచ్చాడు.

అప్పుడొచ్చాడు చార్టాయన. ఆ పేరు మేం పెట్టుకున్నదే. పై ఆఫీసు నుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఎవర్నీ అమర్యాదగా మాట్లాడలేదు. కానీ చంకలో గొడుగు పెట్టుకున్నట్టు ఒక చార్టు చుట్టి పెట్టుకుని తిరిగేవాడు. అందులో ఇంగ్లీషు అచ్చులన్నీ ఉన్నాయి, ఒక పక్క పొట్టివి, ఒక పక్క పొడుగువి. జేబులో చిన్న అద్దం. పెదాలు ఎలా తెరుచుకోవాలో చూసుకోమని దాన్ని మా మొహాల ముందు పెట్టేవాడు. అక్క ఆ అద్దంలో బొట్టు సర్దుకుని తిరిగిచ్చేసింది.

చార్టు గోడకి తగిలించి, "మన తెలుగువాళ్ళతో వచ్చిన చిక్కేవిటంటే, పొట్టి అచ్చుకీ పొడుగు అచ్చుకీ తేడా తెలీదు" అని మొదలెట్టాడు.

నోరు మూసుకుని ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "మనకి తెలీకపోవడవేంటి సార్? అక్షరాభ్యాసం నాడే గుడి వేరు, గుడిదీర్ఘం వేరు అని పలకమీద దిద్దిస్తారు. కొమ్ము వేరు, కొమ్ముదీర్ఘం వేరు. ఆ గుర్తులు లేనిది ఇంగ్లీషువాళ్ళకే. ఒకటే అక్షరం రాసుకుంటారు, ఒకచోట పొట్టిగా పలుకుతారు, ఇంకోచోట పొడుగ్గా పలుకుతారు. తేడా మనకి నేర్పడం దేనికి? ముందు వాళ్ళ పుస్తకాలకి దీర్ఘాలు పెట్టించండి."

బల్ల కింద అక్క నా కాలు తొక్కింది. ఆయన నవ్వాడు. "బాగానే మాట్లాడతావమ్మా. చదువు చూద్దాం" అన్నాడు.

చదివా. ఎదురుగా ఫోను లేకపోయినా అలవాటు కదా, గొంతు సాగింది. ఆయన ప్రతి మాటకీ తల అడ్డంగా ఊపాడు. "చాలా పొడుగు. ఇదీ పొడుగే. పొట్టిది కూడా పొడుగే." నేను రేవు సంగతి చెప్పా. అవనిగడ్డ లైను సంగతి చెప్పా. చేతులెత్తిన సంగతి చెప్పా. ఓపిగ్గానే విని, "టెలిఫోను రేవు కాదమ్మా, కేకలు వెయ్యడానికి" అన్నాడు. వారం చివరిదాకా ఊళ్ళోనే ఉంటాననీ, సూపర్వైజరు బల్ల దగ్గర కూచుని మా మాటలు వింటాననీ, నేను చార్టు ప్రకారం మాట్లాడితే పాస్ చేస్తాననీ చెప్పాడు. లేకపోతే లేదు.

"వింటున్నంతసేపూ ఆయన చెప్పినట్టు మాట్లాడు," అంది అక్క, బయటికొచ్చాక. "గదిలో గది మాట, లైనులో లైను మాట. వెళ్ళిపోయాక నీ ఇష్టం."

సరే అన్నా. నిజంగానే మాట్లాడా కూడా. మర్నాడు పొద్దున్నుంచీ టక్కు, టక్కు, టక్కు. చార్టాయన హెడ్‌ఫోను పెట్టుకుని ముసిముసిగా నవ్వుతూ తల నిలువుగా ఊపుతున్నాడు. గుడివాడ బియ్యం మిల్లాయన మాట్లాడాడు, ఏం గొడవ లేదు. బెజవాడ కాల్సు వెళ్ళిపోయాయి. అవనిగడ్డకి మాత్రం ఒక్కటీ వెళ్ళలేదు. నాగాయలంక రొయ్యల వ్యాపారి ఒకాయన, "అక్కడ ఆపరేటరు ఉందా, నిద్దరపోయిందా?" అని తిట్టిపోశాడు. పోస్టాఫీసు పెద్దాయన, "అమ్మా, నిన్నటిదాకా మాట్లాడినమ్మాయి ఏవైందండీ?" అన్నాడు.

"నేనేనండీ."

"ఆఁ? మీరేనా? జ్వరవా అండీ? గొంతు బొత్తిగా లేదు."

పళ్ళు నూరుకున్నా. అక్క నా వైపు చూడకుండా తన బోర్డు చూసుకుంటోంది.

ఎండ ఎక్కాక అవనిగడ్డ నుంచి గుడివాడకి ఒక అర్జెంటు కాల్ వచ్చింది. అది అక్క అందుకుంది. తరవాత దాన్ని నా బోర్డు మీదికి పంపింది, గుడివాడ లైను నాది గనక. ఎవరో లంకలో రైతు. కూతురికి నొప్పులొస్తే అల్లుడు గుడివాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు రోజులైనా కబురు లేదు. ఆయన పడవ దాటి, అవనిగడ్డ దాకా వచ్చి, పోస్టాఫీసులో ఫోను ముందు నిలబడ్డాడు. గుడివాడ నుంచి ఆసుపత్రి నర్సు మాట్లాడింది. ఆవిడ కేరళావిడ, తెలుగు రాదు, ఇంగ్లీషే. ఆవిడ మాట నాకు గంట కొట్టినట్టు వినపడుతోంది. అవనిగడ్డకి మాత్రం ఒక్క అక్షరం వెళ్ళట్లేదు. రెండు వైపులా హలో హలో తప్ప ఏం లేదు. ఇలాంటప్పుడు మధ్యలో ఉన్న ఆపరేటరు విన్నది విన్నట్టు అవతలికి చెప్పాలి. అది రూలు. మాట మార్చకూడదు, ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే చెప్పాలి.

నర్సు చెప్పింది: తల్లి క్షేమం, ఆడపిల్ల, కానుపు కష్టమైంది గానీ ఇప్పుడు భయం లేదు.

నేను చార్టు ప్రకారం చెప్పా. "మదర్ ఈజ్ సేఫ్. బేబీ గర్ల్."

"వినపడట్లేదండీ" అన్నాడు పెద్దాయన.

మళ్ళీ చెప్పా.

"అమ్మా, మీ మాట తెగిపోతోంది. తల్లికి ఏవైందంటున్నారు? ఈయన ఇక్కడ కూలబడిపోయాడండీ. గోడకి తల ఆనించి ఏడుస్తున్నాడు. ఏదో ఒకటి గట్టిగా చెప్పండమ్మా."

నేను చార్టాయన వంక చూశా. ఆయన హెడ్‌ఫోనులో అంతా వింటున్నాడు. మొహంలో కంగారు ఉంది, లేదనను. కానీ చెయ్యెత్తి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి చూపించాడు. పొట్టిగా, పొట్టిగా అని.

ఆ రెండు వేళ్ళ మధ్య సందు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. అవతల ఒక తండ్రి కూతురు బతికుందో లేదో తెలీక గోడకి తల ఆనించాడు. ఇవతల ఈయన అచ్చు కొలుస్తున్నాడు. నేను ఆయన కళ్ళలోకే చూస్తూ గాలి పీల్చా.

"మాఆఆదర్... ఈఈఈఈజ్... సేఏఏఏఏఫ్... బేఏఏఏబీ... గాఆఆఆర్ల్... నోఓఓఓ డేఏఏఏంజర్..."

ఆఫీసులో అందరూ తిరిగి చూశారు. బయట వరండాలో కాల్ బుక్ చేసుకోడానికి కూచున్నవాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు.

"ఆఁ! వినపడిందండీ!" అన్నాడు పెద్దాయన. "మదర్ సేఫ్! బేబీ గర్ల్!" అని పక్కకి తిరిగి, "లేవయ్యా, లే, ఆడపిల్లంట, తల్లికేం భయం లేదంట" అంటున్నాడు. అవతల ఏదో గలాభా, ఏడుపో నవ్వో తెలీలేదు. మళ్ళీ ఫోనులోకి వచ్చి, "ఇంకోసారి చెప్పమంటున్నాడండీ. తన చెవితో వింటాడంట. ఈయనకి ఇంగ్లీషు రాదండీ" అన్నాడు.

రూలు ప్రకారం ఇంగ్లీషే చెప్పాలి. నేను రూలు పక్కన పెట్టి, "తల్లీఈఈ పిల్లాఆఆ... కులాఆఆసాఆఆ..." అన్నా. అవతల నుంచి ఆయన మాట వినపడలేదు గానీ, ఊపిరి వినపడింది. ఆ లైను మీద ఊపిరి వినపడడం నేను అప్పుడే చూశా.

సాయంత్రం డ్యూటీ అయ్యాక చార్టాయన లోపలికి పిలిచాడు. అక్క కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన కోపంగా లేడు. అదే నాకు ఇంకా మంట.

"మంచి పని చేశావమ్మా, కాదనను. కానీ ఉద్యోగం ఒక్క కాల్ కోసం కాదు. రేపు ఢిల్లీ లైను మీద ఇలాగే మాట్లాడితే మన ఆఫీసు పరువేంకావాలి? అసలు నీకు పొట్టి అచ్చు పలకడం వచ్చా?"

నేను చార్టు దగ్గరికెళ్ళా. పైనుంచి కిందిదాకా చదివా. అద్దం అక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. షిప్, షీప్. ఫుల్, ఫూల్. కట్, కార్ట్. ప్రతిదీ ఎంత ఉండాలో అంతే. ఎక్కడా వెంట్రుకవాసి సాగలేదు. చివరి మాట అయ్యేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీలోంచి లేచాడు కూడా.

"మరి వచ్చుగా! ఇంత బాగా వచ్చుగా! ఎందుకమ్మా మరి ఈ మొండితనం?" అని కాయితం తీశాడు. "ఇకమీదట ఏ లైను మీదైనా ఈ చార్టు ప్రకారమే మాట్లాడతానని రాసి సంతకం పెట్టు. నిన్ను ఇప్పుడే పాస్ చేస్తాను. సోమవారం నుంచి నువ్వు పర్మనెంటు."

పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

"ఏ లైను మీదైనానా సార్?"

"ఏ లైను మీదైనా."

"అవనిగడ్డ మీద కూడానా?"

"రూలు అన్ని లైన్లకీ ఒకటే కదమ్మా."

"అయితే పెట్టను."

"వచ్చు కదా నీకు!"

"వచ్చుగనకే పెట్టనంటున్నా సార్. రానిదాన్నయితే నేర్చుకుంటానని పెట్టేదాన్ని. మీరొకసారి నాతో నాగాయలంక రండి. అవతల ఒడ్డున మీరు నిలబడండి, ఇవతల నుంచి నేను ముందు మీ చార్టు లెక్కన చదువుతా, తరవాత నా లెక్కన చదువుతా. ఏది ఏదో మీరే చెయ్యెత్తి చూపించండి. నా లెక్క తప్పితే అప్పుడు సంతకం పెడతా."

"నేను పడవలెక్కడానికి రాలేదమ్మా."

అప్పుడు అరిచా. ఊళ్ళోవాళ్ళు చెప్పుకునే అరుపు ఇదే. "మీరు రారు! అవతల ఒడ్డుకి మీరు ఎప్పుడూ రారు! ఇక్కడ కూచుని ఇంగ్లీషు ఎంత పొడుగుండాలో చెప్తారు. అది ఎంత దూరం వెళ్ళాలో చూసుకోవాల్సింది మేం! ఆ తండ్రికి ఈ చార్టు చూపించి చెప్పండి, నీ కూతురి సంగతి కరెక్టుగానే చెప్పాం, నీకు వినపడకపోతే మా తప్పు కాదు అని!"

ఆయన బల్లమీది కాయితం మడిచాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఆలోచించుకో" అన్నాడు చివరికి. "ఆలోచించుకునే చెప్పా" అన్నా. చార్టు చుట్టుకుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చింపింది ఎవరూ లేరు. మర్నాడు సూపర్వైజరుగారు పిలిచి చెప్పారు: నన్ను తీసెయ్యట్లేదు, పర్మనెంటూ చెయ్యట్లేదు, మళ్ళీ పరీక్ష పెట్టేదాకా టెంపరరీగానే ఉంటాను.

అక్క వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తరవాత ఒకరోజు బోర్డు మీద కాల్సు లేని టైములో పేలిపోయింది. "పిచ్చిదానా! సంతకం పెడితే నీ సొమ్మేం పోయేది? నేను పెట్టలేదూ? నా పరీక్షకీ ఇలాంటాయనే ఒకడొచ్చాడు, ఇలాంటి కాయితమే ఇచ్చాడు. కళ్ళు మూసుకుని పెట్టేశా. పెట్టి, మర్నాటినుంచీ నా ఇష్టం వచ్చినట్టు మాట్లాడుతున్నా. ఎవడు చూడొచ్చాడు? ఇవాళ నేను పర్మనెంటు, నువ్వు టెంపరరీ. పంతం తిని బతుకుతావా?"

"నువ్వు దొంగలా సాగదీస్తున్నావక్కా," అన్నా. "పైనుంచి ఎవరైనా వస్తే మింగేస్తావు. వెళ్ళిపోతే సాగదీస్తావు. నేను దొరలా సాగదీస్తా. ఎవరు కూచుని విన్నా అదే గొంతు. నచ్చితే పాస్ చేస్తారు, లేకపోతే లేదు."

"దొరంట, దొర! టెంపరరీ దొర!" అని మొహం తిప్పుకుంది. కానీ నవ్వు ఆపుకోలేక భుజాలు కదులుతున్నాయి, నేను చూశా.

మద్రాసు నుంచి నాన్న, "సంతకం పెట్టెయ్యమ్మా, పెద్దవాళ్ళతో గొడవెందుకు" అని చెప్పి పంపారు. అన్నయ్య, "రెండో పరీక్షకైనా బుద్ధిగా ఉండు" అన్నాడు. బుద్ధిగానే ఉంటా. చార్టు ఇస్తే చదువుతా, ఆయన గది ఎంతుంటే గొంతు అంతే పెడతా, ఒక్క అచ్చు కూడా సాగదు. నాకు రాదని ఎవరూ అనలేరు. కాయితం మాత్రం ముందు పెట్టకండి. అవనిగడ్డ వైరు మీద నా గొంతు ఎంత పొడుగుండాలో అవనిగడ్డ చెప్తుంది, నేను వింటా. ఇంకెవరూ చెప్పక్కర్లేదు. దానికి నన్ను జీవితాంతం టెంపరరీగా ఉంచితే ఉంచండి, ఉంటా.